సైట్‌కి ఎంతమంది వచ్చారు? కాకి లెక్కలు మానేసి మీరే సరిచూసుకోండి ఇలా

"హోస్టింగ్ ప్యానెల్‌లో నెలకి నలభై వేల హిట్లు అంటోంది. గూగుల్ అనలిటిక్స్ తెరిస్తే పదకొండు వందల మంది అంటోంది. ఏది నమ్మాలండీ?"

వంటల సైట్ నడిపేవాళ్లు, ఊరగాయలు ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు, కథల పత్రిక పెట్టుకున్నవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇక రాసి పెడుతున్నాను. ఒక సాయంత్రం తీరిక చేసుకుని ఇందులో ఉన్నట్టు చేస్తే, మీ సైట్ అంకెల్లో ఏది దేన్ని లెక్కపెడుతోందో మీ చేతి లెక్కతోనే తేలుతుంది.

ముందు ఒక్క విషయం. ఈ పరికరాలేవీ మనుషుల్ని లెక్కపెట్టవు. తెలంగాణ ఆర్టీసీ బస్సులో మహిళలకి ఇచ్చే జీరో టికెట్ గుర్తుందా? పొద్దున ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఒకటి, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఒకటి, మధ్యలో బస్సు మారితే ఇంకొకటి. కోటి జీరో టికెట్లు కోశారంటే కోటి మంది ఆడవాళ్లు ఎక్కారని కాదు కదా. వెబ్‌సైట్ లెక్క కూడా అంతే. బ్రౌజర్ పంపే చీటీలను గుట్టగా పోసి, కొన్ని నియమాల ప్రకారం కట్టలు కడతారు. చీటీకి ఒక పేరు, కట్టకి ఒక పేరు:

- హిట్: సర్వర్‌ని అడిగిన ప్రతి ఫైలూ ఒక హిట్. పేజీలో పన్నెండు ఫోటోలుంటే, ఒక్కసారి తెరిచినా పదమూడు హిట్లకి తక్కువ కాదు.
- పేజీ వ్యూ: పేజీ ఒకసారి తెరుచుకోవడం. జీఏ4లో (గూగుల్ అనలిటిక్స్ 4కి పొట్టి పేరు) దీన్ని ఒట్టి 'వ్యూస్' అంటున్నారు.
- సెషన్: ఒక రాక. వచ్చినప్పటి నుంచి చడీచప్పుడు లేకుండా 30 నిమిషాలు గడిచేదాకా చేసిందంతా ఒకే సెషన్.
- యూజర్: పేరుకి మనిషి, నిజానికి బ్రౌజర్. ఒకే మనిషి మూడు బ్రౌజర్లలో చూస్తే ముగ్గురు యూజర్లు.

సిద్ధాంతం ఇంతే. ఇక పనిలోకి దిగుదాం.

కావలసినవి

- గూగుల్ అనలిటిక్స్ 4 ఖాతా, అందులో ఎడిటర్ హక్కు. సైట్ చేసిచ్చిన కుర్రాడి ఖాతాలో ఉండి మీకు చూసే హక్కు మాత్రమే ఉంటే, ముందు అది మార్పించుకోండి. ఆ కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక ఫోన్ ఎత్తడు.
- క్రోమ్ ఉన్న కంప్యూటర్ ఒకటి, స్మార్ట్ ఫోన్ ఒకటి.
- హోస్టింగ్ వాళ్ల (మీ సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచేవాళ్ల) ప్యానెల్, అంటే సీప్యానెల్ లాగిన్. లేకపోతే 5వ మెట్టు వదిలేయండి.
- కాగితం, పెన్ను, గడియారం. వీటిని తేలిగ్గా తీసుకోకండి. అసలు పరీక్ష నడిచేది వీటితోనే.
- సైట్లో మూడు కొత్త పేజీలు. శీర్షికలు 'పరీక్ష 1', 'పరీక్ష 2', 'పరీక్ష 3'. ఒక్కో దాంట్లో నాలుగు లైన్లు రాసి, ఒకదాని నుంచి ఇంకోదానికి లింకు ఇవ్వండి. మెనూలో పెట్టకండి. సెర్చ్‌లో కనిపించకుండా 'నో ఇండెక్స్' టిక్కు పెట్టండి.

1. గడియారం సరిచేయండి

జీఏ4లో కింద ఎడమవైపు ఉండే పళ్లచక్రం నొక్కితే అడ్మిన్ వస్తుంది. అక్కడ ప్రాపర్టీ డీటెయిల్స్‌లో టైమ్ జోన్ చూడండి. భారతదేశం, జీఎంటీ +5:30 అని ఉండాలి.

ఖాతా తెరిచేటప్పుడు తొందరలో నెక్స్ట్, నెక్స్ట్ నొక్కినవాళ్లలో చాలామందికి ఇక్కడ లాస్ ఏంజెలెస్ సమయం ఉంటుంది. అలా ఉంటే మీ 'రోజు' మన మధ్యాహ్నం 12:30కి మొదలవుతుంది. చలికాలంలో అయితే 1:30కి. ఆదివారం పొద్దున పెట్టిన పోస్టుకి వచ్చిన జనమంతా శనివారం ఖాతాలో పడతారు. ఆదివారం ఎవరూ చూడలేదేమిటని మీరు బెంగపెట్టుకుంటారు.

జాగ్రత్త: టైమ్ జోన్ మారిస్తే అక్కడి నుంచే మారుతుంది, పాత లెక్కలు మారవు. మార్చిన రోజు గ్రాఫ్‌లో ఒక గుంటో గుట్టో కనిపిస్తే కంగారుపడొద్దు. మార్చిన తేదీ మాత్రం కాగితం మీద రాసిపెట్టుకోండి.

మీ పాఠకుల్లో ఎక్కువమంది అమెరికాలో ఉన్నా మీరుండే చోటి సమయమే పెట్టుకోమంటాను. పోస్టులు పెట్టేది మీరు, లెక్క చూసుకునేదీ మీరే కదా.

2. ఒక పేజీకి ఒక చీటీయే వెళ్తోందా చూడండి

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అందుకే నెమ్మదిగా చెబుతాను.

కంప్యూటర్ క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. మీ సైట్ హోమ్ పేజీకి వెళ్లి ఎఫ్12 మీట నొక్కండి. పక్కనో కిందో ఒక పలక తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లి, ఫిల్టర్ గడిలో ఇంగ్లీషు అక్షరాలతో 'కలెక్ట్' అని కొట్టి, పేజీ రీలోడ్ చేయండి.

ఒకటో రెండో వరుసలు వస్తాయి. అవే నేను చెప్పిన చీటీలు. ఒకదాని మీద క్లిక్ చేసి పేలోడ్ అన్న చోట చూస్తే, గూగుల్‌కి మీ పాఠకుడి గురించి ఏమేం రాసి పంపారో కనిపిస్తుంది:

- 'ఈఎన్' ఎదురుగా ఏం జరిగిందో ఉంటుంది: పేజీ వ్యూ, స్క్రోల్, యూజర్ ఎంగేజ్‌మెంట్ లాంటివి. కిందికి 90 శాతం జరిపితే స్క్రోల్ చీటీ వెళ్తుంది.
- 'టీఐడీ' మీ ఖాతా గుర్తు. ఇది 'జీ' అక్షరం, గీతతో మొదలవుతుంది.
- 'సీఐడీ' బ్రౌజర్ గుర్తు. యూజర్ లెక్క దీని మీదే.
- 'ఎస్ఐడీ' సెషన్ గుర్తు. 'ఎస్‌సీటీ' ఈ బ్రౌజర్‌కి ఇది ఎన్నో రాక అని చెప్పే అంకె.

పేజీ వ్యూ అని ఉన్న చీటీ ఒక్కటే ఉండాలి. ఒకే టీఐడీతో రెండు కనిపిస్తే మీ సైట్లో ట్యాగ్ (ఈ చీటీలు పంపే కోడ్ ముక్క) రెండు చోట్ల ఉన్నట్టు. స్క్రోల్ చీటీ, ఎంగేజ్‌మెంట్ చీటీ వేరే లెక్క, వాటిని చూసి భయపడకండి.

నా కథల సైట్లో ఇదే జరిగింది. థీమ్ హెడర్‌లో ఎప్పుడో చేత్తో అతికించిన కోడ్ ఉంది. ఆ సంగతి మరిచిపోయి, వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ పెట్టి మళ్లీ కలిపాను. తెల్లారేసరికి వ్యూస్ రెట్టింపు. పదహారు రోజులు నేలమీద నిలవలేదు నేను, ఇంట్లో పాయసం కూడా అయింది. పదిహేడో రోజు ఎంగేజ్‌మెంట్ రేటు చూస్తే నూటికి నూరుకి దగ్గర్లో ఉంది. ఏ సైట్‌కీ అంత ఉండదు. అప్పుడు వెలిగింది.

ఎంగేజ్‌మెంట్ రేటు అంటే మొత్తం సెషన్లలో 'ఎంగేజ్డ్' సెషన్ల శాతం. ఎందుకలా అయిందంటే, జీఏ4 ఒక సెషన్‌ని 'ఎంగేజ్డ్' అనడానికి మూడింటిలో ఒకటి చాలు: 10 సెకన్లకి మించి ఉండాలి, లేదా రెండు వ్యూస్ పడాలి, లేదా మీరు ముఖ్యమని గుర్తు పెట్టిన పని ఏదైనా జరగాలి. ఒక పేజీకి రెండు చీటీలు వెళ్తే, వచ్చీ రాగానే పారిపోయినవాడికి కూడా రెండు వ్యూస్ పడి 'ఎంగేజ్డ్' అయిపోతాడు. కాబట్టి ఎఫ్12తో కుస్తీ పట్టలేని వాళ్లకి ఇదే అడ్డదారి: ఎంగేజ్‌మెంట్ రేటు 95 దాటి ఉందా? ముందు డబుల్ ట్యాగ్‌ని అనుమానించండి.

సరిచేయడానికి: ప్లగిన్, థీమ్ హెడర్, గూగుల్ ట్యాగ్ మేనేజర్ మూడూ చూసి, ఒక్క చోట ఉంచి మిగతావి తీసేయండి. తర్వాత మళ్లీ ఎఫ్12.

ఇంకో దారి: గూగుల్ వాళ్లదే ట్యాగ్ అసిస్టెంట్ అనే ఉచిత సాధనం ఉంది. మీ సైట్ చిరునామా ఇస్తే ఏ చీటీ ఎప్పుడు వెళ్లిందో వరుసగా చూపిస్తుంది. వాడటం సుళువే. నాకు మాత్రం ఎఫ్12 మీదే నమ్మకం, అక్కడ మధ్యవర్తి ఉండడు.

3. బ్రౌజర్ మెడలో ఉన్న బిళ్ల చూడండి

అదే పలకలో అప్లికేషన్ ట్యాబ్, దాని కింద కుకీస్ (సైట్లు బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తులు), అందులో మీ సైట్ పేరు. అండర్‌స్కోర్‌తో మొదలై 'జీఏ' అని ఉండే వరుస ఉంటుంది. దాని విలువ చివర చుక్కతో విడదీసిన రెండు పెద్ద సంఖ్యలుంటాయి. మొదటిది ఏదో ఒక సంఖ్య. రెండోది ఈ బ్రౌజర్ మీ సైట్‌కి మొట్టమొదట వచ్చిన క్షణం, 1970 జనవరి 1 నుంచి సెకన్లలో. ఉదాహరణకి 1700000000 అని ఉంటే, మన టైమ్‌లో 2023 నవంబరు 15 తెల్లవారుజామున 3:43. యునిక్స్ టైమ్ కన్వర్టర్ అని వెతికితే దొరికే ఏ పేజీలోనైనా సంఖ్య పడేసి తేదీ చూసుకోవచ్చు.

ఈ రెండు సంఖ్యలూ కలిపితే వచ్చేదే ఇందాకటి 'సీఐడీ'. మీ రిపోర్టులో 'ఒక యూజర్' అంటే ఈ బిళ్లే. బిళ్ల పోతే పాతవాడే కొత్తవాడవుతాడు.

మామూలుగా దీని ఆయుష్షు రెండేళ్లు. ఐఫోన్‌లో ఉండే సఫారీ మాత్రం ఇలాంటి కుకీని 7 రోజులకే చెరిపేస్తుంది. అంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఐఫోన్ మీద మీ కథలు పది రోజులకోసారి చదివే ఆవిడ, వచ్చిన ప్రతిసారీ కొత్త యూజరే. నెలకి ముగ్గురుగా లెక్కలోకి వస్తుంది. ప్రవాసులు ఎక్కువగా చదివే తెలుగు సైట్లలో 'కొత్త యూజర్లు' ఎప్పుడూ ఉబ్బి కనిపించడానికి ఇదొక కారణం. పాఠకులు నిలవడం లేదని దిగులుపడేముందు ఇది గుర్తుంచుకోండి.

4. కాగితం పరీక్ష

అసలు పని ఇది. మీరొక్కరే చేయాలి, ఇంట్లోవాళ్లకి ఆ పేజీలు చూపించకూడదు. అన్నీ ఒకే సాయంత్రం కావాలి. ప్రతి అడుగూ కాగితం మీద టైముతో సహా రాయండి.

- 7:00. కంప్యూటర్‌లో పాత ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసి, కొత్తది తెరవండి. పరీక్ష 1, అక్కడి నుంచి 2, అక్కడి నుంచి 3 చూడండి.
- 7:10. అదే విండోలో పరీక్ష 3 ఒకసారి రీలోడ్ చేయండి. విండో మూయకుండా మినిమైజ్ చేసి లేచి వెళ్లిపోండి.
- 7:50. టీ తాగి వచ్చి, అదే విండోలో పరీక్ష 1 తెరవండి. ఒక నిమిషం చదువుతున్నట్టు కూర్చోండి.
- 7:55. ఫోన్లో క్రోమ్ తెరిచి పరీక్ష 1 చూడండి. పేజీ పూర్తిగా వచ్చాక ఐదు లెక్కపెట్టేలోపు మూసేయండి.
- 8:00. పరీక్ష 2 లింకుని ఫేస్‌బుక్‌లో మీకు మాత్రమే కనిపించేలా పోస్ట్ చేసి, ఫోన్లో ఫేస్‌బుక్ యాప్ లోంచే నొక్కండి. అందులోంచి పరీక్ష 3కి వెళ్లండి.
- 8:05. ఫోన్లో బ్రేవ్ బ్రౌజర్ ఉంటే దాన్లో పరీక్ష 1 చూడండి. లేకపోతే కంప్యూటర్‌లో యాడ్ బ్లాకర్ ఉన్న బ్రౌజర్‌తో.

జాగ్రత్త: 7:10కి, 7:50కి మధ్య ఆ విండోని ముట్టుకోకండి. పొరపాటున పైకి తెచ్చినా కొత్త చీటీ వెళ్లి, అరగంట లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇన్‌కాగ్నిటో విండోలు మొత్తం మూసేసినా బిళ్ల పోతుంది, పరీక్ష పాడైనట్టే.

చేస్తున్నంతసేపూ పక్కన రియల్‌టైమ్ రిపోర్ట్ తెరిచి ఉంచుకుంటే చీటీలు పడటం కనిపిస్తుంది. కానీ తీర్పు ఆ రోజే ఇవ్వకండి. జీఏ4లో లెక్కలు కుదుటపడటానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. మూడో రోజు ఎక్స్‌ప్లోర్‌లో ఖాళీ ఎక్స్‌ప్లరేషన్ తెరిచి, పేజీ టైటిల్‌లో 'పరీక్ష' ఉన్నవాటికి ఫిల్టర్ పెట్టి, టోటల్ యూజర్స్, సెషన్స్, ఎంగేజ్డ్ సెషన్స్, వ్యూస్ చూడండి. రావలసింది ఇది:

వ్యూస్ 8. యూజర్లు ముగ్గురు. సెషన్లు 4, అందులో ఎంగేజ్డ్ 3. కాగితం మీద మనిషి మాత్రం ఒక్కరే.

ఎలా వచ్చిందో చూడండి. 7:00కి మూడు వ్యూస్, 7:10 రీలోడ్‌తో నాలుగు, అంతా ఒకే సెషన్. 7:50కి బ్రౌజర్ పాతదే కాబట్టి యూజర్ పెరగలేదు, 40 నిమిషాల ఎడం వచ్చింది కాబట్టి సెషన్ పెరిగింది. ఫోన్ క్రోమ్‌కి దాని బిళ్ల వేరు. ఫేస్‌బుక్ యాప్ లోపలి బ్రౌజర్‌కి ఇంకో బిళ్ల. అదే ఫోన్, అదే వేలు, అయినా ఇద్దరు. ఐదు సెకన్లలో మూసినది ఎంగేజ్డ్ కాలేదు, బౌన్స్ రేటు (ఎంగేజ్డ్ కాని సెషన్ల శాతం) చూస్తే 25 ఉంటుంది, అది అక్కడి నుంచి వచ్చిందే. బ్రేవ్‌లో చూసింది అసలు లెక్కలోకే రాలేదు, ఎందుకంటే అది చీటీని గుమ్మం దాటనివ్వదు.

మీకు తేడా వస్తే:

- వ్యూస్ 16 వచ్చాయా? 2వ మెట్టుకి వెళ్లండి, డబుల్ ట్యాగ్.
- సెషన్లు 3 వచ్చాయా? అడ్మిన్‌లో డేటా స్ట్రీమ్ కింద ట్యాగ్ సెట్టింగ్స్‌లో సెషన్ టైమవుట్ ఎవరో పెంచి ఉంటారు. దాన్ని 7 గంటల 55 నిమిషాల దాకా పెంచవచ్చు. పాటలో ఉపన్యాసాలో వినిపించే సైట్ అయితే తప్ప 30 నిమిషాలు కదపకండి.
- వ్యూస్ 7, సెషన్లు 3, యూజర్లు ఇద్దరేనా? ఐదు సెకన్ల రాక జారిపోయింది. ట్యాగ్ లోడ్ అయ్యేలోపే మీరు మూసేశారన్నమాట. సిగ్నల్ సరిగా లేని చోట మీ పాఠకులకీ ఇదే జరుగుతోంది.
- అన్నీ సున్నాలేనా? కుకీలకి ఒప్పుకుంటారా అని అడిగే బ్యానర్ ఉందేమో చూడండి. 'ఒప్పుకోను' అన్నవాళ్లను లెక్కపెట్టకుండా అది ఆపేస్తుంది. యూరప్‌లో ఉండే పాఠకుల కోసం అలా పెట్టడం సరైనదే.

5. హోస్టింగ్ ప్యానెల్ లెక్కతో పక్కపక్కన పెట్టండి

సీప్యానెల్‌లో ఏడబ్ల్యూస్టాట్స్ అని ఉంటుంది. ఇది చీటీల మీద ఆధారపడదు, సర్వర్ తలుపు దగ్గర కూర్చుని ఎవరేం అడిగారో రాసుకున్న చిట్టా చదువుతుంది. అందువల్ల బ్రేవ్ వాళ్లు కూడా ఇందులో ఉంటారు. అలాగే మనుషులు కానివాళ్లూ ఉంటారు: సెర్చ్ ఇంజిన్ల బాట్లు, ధరలు గీక్కుపోయే ప్రోగ్రాములు, మీ లాగిన్ పేజీ తలుపు రాత్రింబవళ్లు తోసి చూసే దొంగ స్క్రిప్టులు. తన పేరు బాట్ అని చెప్పుకున్నవాటిని ఏడబ్ల్యూస్టాట్స్ వేరు చేస్తుంది. చెప్పుకోనివి మనుషుల్లోనే కలిసిపోతాయి. జీఏ4 కూడా తెలిసిన బాట్లను తనంతట తానే తీసేస్తుంది, తెలియనివి దానికీ దొరకవు.

నియమాలు కూడా వేరు. ఏడబ్ల్యూస్టాట్స్‌లో ఒక రాక ముగియడానికి మామూలుగా గంట వ్యవధి, జీఏ4లో అరగంట. పైగా ఏడబ్ల్యూస్టాట్స్ మనిషిని ఐపీ చిరునామాతో (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) గుర్తుపడుతుంది. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ వెనకాల వందలమంది ఉండొచ్చు, ఒకే ఫోన్‌కి పూటకో ఐపీ రావచ్చు. అంటే ఒకపక్క పది మంది ఒకరవుతారు, ఇంకోపక్క ఒకరు పదిమందవుతారు.

రెండు అంకెలూ కలవాలని చూడకండి, అవి కలవవు. చూడాల్సింది పోకడ: రెండూ కలిసి పెరుగుతున్నాయా, కలిసి తగ్గుతున్నాయా? ప్యానెల్‌లో పెరిగి జీఏ4లో కదలకపోతే బాట్లు. జీఏ4 ఒక్కటే హఠాత్తుగా పడిపోతే ట్యాగ్ ఊడిపోయింది, సాధారణంగా థీమ్ అప్‌డేట్ అయిన మర్నాడు.

హిట్ల అంకె మాత్రం ఎవరికీ చెప్పకండి. తెలిసినవాళ్లు నవ్వుతారు, తెలియనివాళ్లు మోసపోతారు.

6. ఇప్పుడు మిమ్మల్ని మీరు తీసేసుకోండి

ఈ పని ముందే చేస్తే కాగితం పరీక్షలో మీరే కనిపించరు. అందుకే ఇక్కడ పెట్టాను.

చిన్న సైట్లలో రోజుకి వచ్చే నలభై సెషన్లలో పదిహేను యజమానివే అయినా ఆశ్చర్యం లేదు. అచ్చుతప్పులు దిద్దుకోవడం, అమ్మకి చూపించడం, ఊరికే మురిసిపోవడం.

జీఏ4లో ఉన్న దారి: డేటా స్ట్రీమ్ ట్యాగ్ సెట్టింగ్స్‌లో ఇంటర్నల్ ట్రాఫిక్ నియమం రాసి మీ ఐపీ ఇవ్వాలి. తర్వాత డేటా ఫిల్టర్స్‌లో దాన్ని యాక్టివ్ చేయాలి. ఆఫీసుకి స్థిరమైన ఐపీ ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కీ మొబైల్ డేటాకీ ఐపీ మారుతూ ఉంటుంది కాబట్టి నాలుగు రోజులకే చెల్లకుండా పోవచ్చు.

జాగ్రత్త: ఫిల్టర్‌ని మొదట టెస్టింగ్‌లో పెట్టి వారం చూడండి. యాక్టివ్ చేశాక పోయిన డేటా తిరిగి రాదు. పొరపాటున ఊరంతటి ఐపీ పరిధి ఇచ్చి పాఠకులందరినీ తుడిచిపెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇళ్లలో పనికొచ్చే దారులు రెండు. కంప్యూటర్ బ్రౌజర్‌లో గూగుల్ వాళ్ల అనలిటిక్స్ ఆప్ట్ అవుట్ యాడ్ ఆన్ పెట్టుకోండి. లేదా వర్డ్‌ప్రెస్ అయితే సైట్ కిట్ ప్లగిన్‌లో లాగిన్ అయి ఉన్నవాళ్లను లెక్కపెట్టొద్దనే ఎంపిక ఉంది, దాన్ని ఆన్ చేయండి. రెండోది నాకు నచ్చుతుంది. ఫోన్లో కూడా లాగిన్ అయి ఉంటే చాలు.

7. వాట్సాప్ జనాన్ని 'డైరెక్ట్' లోంచి బయటికి లాగండి

తెలుగు సైట్లకి జనం వచ్చేది ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోంచి. రిపోర్టులో మాత్రం వాట్సాప్ అనే మాట సరిగా కనిపించదు. ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్లందరినీ జీఏ4 'డైరెక్ట్' అనే గోనెసంచిలో వేస్తుంది.

విరుగుడు యూటీఎం లింకు, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే తోక తగిలించిన లింకు. ఈ పేరులో 'యూ' అంటే అర్చిన్. గూగుల్ 2005లో కొన్న కంపెనీ పేరది, అనలిటిక్స్ పుట్టింది దానిలోంచే. క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్ అని వెతికితే గూగుల్ వాళ్ల పేజీ వస్తుంది. మీ లింకు ఇచ్చి మూడు గడులు నింపండి: సోర్స్ గడిలో వాట్సాప్, మీడియం గడిలో సోషల్, క్యాంపెయిన్ గడిలో మీ గుర్తు, అంటే ఉగాది సంచిక అనో ఆవకాయ ఆఫర్ అనో. తయారైన పొడుగాటి లింకునే గ్రూపుల్లో పెట్టండి.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. ఒకటి, ఒకసారి పెద్దక్షరం, ఇంకోసారి చిన్నక్షరం వాడటం. జీఏ4కి అవి రెండు వేర్వేరు పేర్లు. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే రాయండి. రెండు, మీడియం గడిలో కూడా వాట్సాప్ అని రాయడం. ఆ మాట జీఏ4 గుర్తించే మీడియం పేర్ల జాబితాలో లేదు. మూడు, సైట్ లోపలి లింకులకి కూడా యూటీఎం తగిలించడం. బయటి నుంచి ఎలా వచ్చారన్న సమాచారం దాంతో కలగాపులగమవుతుంది.

పదే పదే చూసే పొరపాట్లు

రోజువారీ యూజర్లను కూడటం. సోమవారం వంద, మంగళవారం వంద అంటే రెండు రోజులకి రెండు వందలు కాదు. రెండు రోజులూ అదే వందమంది వచ్చి ఉండొచ్చు. వారం లెక్క కావాలంటే తేదీల పరిధి వారానికి మార్చి చూడండి, కూడకండి. సెషన్లయితే దాదాపుగా కూడుకోవచ్చు. అర్ధరాత్రి దాటిన సెషన్ మాత్రం రెండు రోజుల్లోనూ కనిపించి మొత్తంలో ఒకటిగానే ఉంటుంది.

పాత అనలిటిక్స్ లెక్కతో పోల్చడం. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1న ఆగిపోయింది. అందులో అర్ధరాత్రి కాగానే సెషన్ తెగి కొత్తది మొదలయ్యేది, మధ్యలో వేరే ప్రకటన లింకు మీద వచ్చినా కొత్తదే. జీఏ4లో ఆ రెండూ లేవు. బౌన్స్ రేటు అర్థం కూడా మారింది. అప్పట్లో ఒక పేజీ చూసి వెళ్లిపోతే చాలు, పావుగంట చదివినా బౌన్సే. ఇప్పుడు అదే మనిషి ఎంగేజ్డ్. అప్పుడు 80 ఉండేది ఇప్పుడు 45 అయిందని సంబరపడితే అది కొలబద్ద మారినందుకు సంబరం.

సెర్చ్ కన్సోల్‌తో కలపాలని చూడటం. అది (గూగుల్ సెర్చ్‌లో మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం) క్లిక్కులు లెక్కపెడుతుంది, జీఏ4 సెషన్లు. అక్కడ రోజువారీ లెక్క కాలిఫోర్నియా సమయంలో ఉంటుంది, ఇక్కడ మీరు పెట్టిన సమయంలో. నెలకి నెల పోల్చండి, రోజుకి రోజు వద్దు.

పాత డేటా పోగొట్టుకోవడం. ఎక్స్‌ప్లరేషన్లకి కావలసిన వివరమైన డేటాని జీఏ4 మామూలుగా 2 నెలలే ఉంచుతుంది. అడ్మిన్‌లో డేటా రిటెన్షన్‌కి వెళ్లి 14 నెలలు చేయండి. పోయిన సంక్రాంతికీ ఈ సంక్రాంతికీ పోల్చుకోవాలంటే అది తప్పదు. ఇది చదవడం ఆపి ఇప్పుడే మార్చి రండి.

తెలుగు లింకులు చూసి బెదరడం. పేజీ చిరునామా తెలుగులో ఉంటే ఒక్కో అక్షరం గుర్తూ శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాలుగా మారి, రిపోర్టులో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. పేజీ పాత్ బదులు పేజీ టైటిల్ ఎంచుకుంటే తెలుగు తెలుగుగానే వస్తుంది. అయితే రెండు పోస్టులకి ఒకే శీర్షిక పెట్టకండి, వాటి లెక్కలు కలిసిపోతాయి.

వేరే పరికరం వాడేవాళ్లకి ఒక మాట. మటోమోలో కూడా రాకకి అరగంట నియమమే, కాగితం పరీక్ష దాదాపు ఇలాగే చేయొచ్చు. ప్లాజిబుల్ లాంటి కుకీలు లేనివాటిలో బ్రౌజర్‌కి బిళ్ల ఉండదు, గుర్తు ఏరోజుకారోజు మారిపోతుంది. కాబట్టి నెలలో పది రోజులు వచ్చిన ఒకే పాఠకుడు పది మందిగా కనిపిస్తాడు. అది దాని లోపం కాదు, దాని పద్ధతి.

లెక్క సరిగ్గానే ఉందని నెలకోసారి చూసుకోవడం

ఒకటో తారీఖున పది నిమిషాలు చాలు. ఎంగేజ్‌మెంట్ రేటు ఉన్నట్టుండి ఎగిరిందా? ఎఫ్12. ఒకే ఊరి నుంచి వందలకొద్దీ సెషన్లు వచ్చాయా? ఆ ఊరి సగటు ఎంగేజ్‌మెంట్ సమయం చూడండి. వర్జీనియాలోని యాష్‌బర్న్ పేరు ఇలా తరచుగా కనిపిస్తుంది. అది డేటా సెంటర్ల ఊరు, బాట్లు అక్కడి యంత్రాల మీదే నడుస్తుంటాయి. చిక్కేమిటంటే మన తెలుగువాళ్లు కూడా అక్కడ బాగానే ఉన్నారు. సమయం ఒకటి రెండు సెకన్లు ఉంటే యంత్రం, రెండు మూడు నిమిషాలుంటే ఎవరో మన పిన్నిగారు. ఊరిని మొత్తంగా కొట్టేసి పాఠకుల్ని పోగొట్టుకోకండి.

ప్రకటన ఇస్తామంటూ ఎవరైనా వచ్చి "మీ సైట్‌కి ఎంతమంది వస్తారు?" అని అడిగితే ఒట్టి అంకె చెప్పకండి. ఇలా చెప్పండి: "జీఏ4 ప్రకారం గత నెలలో యాక్టివ్ యూజర్లు ఇంత, ఎంగేజ్డ్ సెషన్లు ఇంత, మా సొంత రాకపోకలు తీసేశాక." ఎదుటివాళ్లు అప్పటికీ "హిట్లెన్ని?" అంటే, ఈ పోస్ట్ లింకు వాళ్లకి పంపండి. యూటీఎం తగిలించి మరీ.

పరీక్ష పేజీలు మూడూ అలాగే ఉంచండి. థీమ్ మార్చినప్పుడల్లా, ప్లగిన్ పెట్టినప్పుడల్లా మళ్లీ కావాలి.